నిజాలమ్మ కునుకు సేవ

ఒక పెద్ద అడవిలో నిజాలమ్మ అనే దేవత ఉండేది. దేవత అంటే మరేం కాదు, ఏనుగు కూర్చున్నంత నల్లటి బండరాయి. ఆ బండకు ముందువైపు రెండు తెల్లటి మచ్చలుండేవి. అవి కళ్ళని ఎవరో ఎప్పుడో అన్నారు. ఒకసారి అన్నాక ఇక ఎవరు చూసినా కళ్ళే కనిపించాయి.

ఆ కళ్ళ ఎదుట అబద్ధమాడితే నాలుక మీద బొబ్బలు లేస్తాయని అడవి నమ్మకం. ఎవరికైనా లేచాయా అంటే చెప్పలేం. ఎందుకంటే ఆ ఎదుటికి వెళ్ళడమే అందరూ మానేశారు. దొంగతనం చేసినవాళ్ళు బండను తప్పించుకుని డొంకదారిన పోయేవారు. చెయ్యనివాళ్ళు కూడా, ఎందుకైనా మంచిదని, డొంకదారినే పోయేవారు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అడవి సభ ఆ బండ ముందే జరగాలని పెద్దలు పెట్టిన కట్టుబాటు. సభ అన్నాక హామీలివ్వాలి, చెయ్యని పనులు చేశామని చెప్పుకోవాలి, ఒకరినొకరు పొగుడుకోవాలి. నాలుక మీద బొబ్బలతో ఇవన్నీ ఎలా కుదురుతాయి?

అందుకని వెనకటి తరం పూజారి ఒకాయన మంచి ఉపాయం కనిపెట్టాడు. సభ మొదలయ్యే ముందు రెండు పెద్ద టేకాకులు తెచ్చి, తుమ్మజిగురు రాసి అమ్మ కళ్ళకు అంటించాడు. అమ్మ అలిసిపోయింది, కాస్త కునుకు తీస్తుంది, ఈలోగా మనం మన పనులు చూసుకుందాం అన్నాడు. దానికి కునుకు సేవ అని పేరు. అడవిలో ఎన్ని ఆచారాలు మట్టిగొట్టుకుపోయినా ఈ ఒక్కటి మాత్రం భక్తిశ్రద్ధలతో సాగుతూ వచ్చింది.

మన కథ జరిగేనాటికి ఆ అడవి బడిలో పిల్లలకు చదువు చెప్పేది వరాలు అనే ముళ్ళపంది. మొగుడు ఒక చిరుతపులితో మాటా మాటా పెరిగి పోయాడు. మిగిలింది రేగి అనే చిన్న కూతురు.

వరాలుకు ఒక అవలక్షణం ఉంది. అబద్ధం చెప్పబోతే వీపు మీది ముళ్ళు వాటంతటవే లేచి గలగలలాడతాయి. నోరు ఎంత నున్నగా చెప్పినా ముళ్ళు ఊరుకోవు. అందుకని ఆవిడకు అడవిలో నిజాయితీపరురాలని పేరొచ్చింది. చేతకానితనానికి కూడా ఒక్కోసారి మంచి పేరొస్తుంది మరి.

ఆవిడ ఉద్యోగం టెంపరరీ. చేరిన రోజున టెంపరరీ, మొగుడు పోయిన రోజున టెంపరరీ, ఆవిడ దగ్గర చదువుకున్న కుందేలుపిల్ల తన పిల్లల్ని బడికి పంపిన రోజున కూడా టెంపరరీయే. పర్మనెంటు పంతులుకైతే రాళ్ళగుట్ట మీద పొడిగా ఉండే ఒక గుహ ఇవ్వాలని రూలుంది. పర్మనెంటు పంతులు లేడు గనక ఆ గుహలో గబ్బిలాలు ఉండేవి. పంతులమ్మ మాత్రం వాగు ఒడ్డున బొరియలో ఉండేది. వానాకాలం వస్తే బొరియలోకి నీళ్ళు వచ్చేవి. పోయిన వానలకు తడిసిన దగ్గరి నుంచి రేగికి దగ్గు పట్టుకుని వదల్లేదు. మళ్ళీ వానలు పడేలోపు ఆ గుహలోకి చేరాలి. వరాలు బతుకులో అప్పటికి ఉన్న కోరిక అదొక్కటే.

సరిగ్గా అలాంటి రోజుల్లో పై అడవి నుంచి ఒక చాటింపు వచ్చింది. పిల్లలకు నిజం పలకడం నేర్పిన అడవికి ఒక తేనెకొండ బహుమానంగా ఇస్తారట. కొండంటే మామూలు కొండ కాదు. చరియ పొడుగునా తేనెపట్లు వేలాడే కొండ.

అడవి అధ్యక్షుడు జాంబయ్య అనే ఎలుగుబంటి. చాటింపు వినగానే ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోట్లోనూ తిరిగాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ అడవిలో ఎవరికి తేనెపట్టు దొరికినా బడిపిల్లల కోసం కొంత వాటా ఇవ్వాలి. ఆ తేనె ఒక పాత మద్దిచెట్టు తొర్రలో ఉంచుతారు. తొర్రకు కాపలా ఎవరిని పెడదామని సభలో అడిగితే, ఇంత బరువైన బాధ్యత ఇంకెవరికో అప్పగించడం భావ్యం కాదని జాంబయ్యే తన భుజాన వేసుకున్నాడు. అప్పటి నుంచి పిల్లలకు పట్టు కడిగిన నీళ్ళు అందుతున్నాయి. ఇది అడవిలో అందరికీ తెలిసిన రహస్యం.

జాంబయ్య సభ పెట్టించాడు. కునుకు సేవ అయ్యాక లేచి, అడవిలో సత్యం అడుగంటిపోతోందని బాధపడ్డాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని అడిగాడు. కాబట్టి మొక్కల్నే వంచాలని తీర్మానించారు. మానుల ప్రస్తావన ఎవరూ తేలేదు.

వాగులోంచి గులకరాళ్ళు ఏరించి, తెల్లమట్టితో కళ్ళు దిద్దించి, పిల్లకొక రాయి చొప్పున పంచారు. దాని పేరు ఇంటి నిజాలమ్మ. తిన్నా, ఆడుకున్నా, పడుకున్నా ఆ రాయి పక్కనే ఉండాలి. పాఠం చెప్పే భారం వరాలుది. పని బాగా చేస్తే గుట్ట మీది గుహ గురించి ఆలోచిస్తానని జాంబయ్య మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చినప్పుడు అమ్మ కునుకులో ఉందన్న సంగతి వరాలు గమనించలేదు.

వరాలు మనసుపెట్టి చెప్పింది. చిన్నపిల్లలకు బొబ్బల కథలు చెప్పడం ఆవిడకు ఇష్టం లేదు. అమ్మ మనల్ని పట్టుకుని కొట్టడానికి చూడదర్రా అంది. నడక నేర్చే బిడ్డ ఎక్కడ పడిపోతుందోనని తల్లి చూడదూ, అలా చూస్తుందని చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముళ్ళు నున్నగా పడుకునే ఉన్నాయి. అంటే ఆవిడ దాన్ని నిజంగానే నమ్మింది.

పిల్లలు కూడా నమ్మేశారు. పిల్లలతో ఉన్న ఇబ్బందే అది.

కోతిపిల్ల దాచుకున్న నేరేడుపళ్ళు తెచ్చి ఉడుతపిల్ల ముందు పెట్టి, ఇవి నీవే అంది. దుప్పిపిల్ల ఆటలో తాను గెలవలేదని, తొండి చేశానని ఒప్పుకుంది. వరాలుకు కడుపు నిండిపోయింది. ఇన్నేళ్ళలో చెప్పిన పాఠం ఒక్కటైనా ఇంత బాగా అంటుకోలేదు.

అంటుకోవడమే కొంప ముంచింది. పిల్లలు రాళ్ళు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు.

కొండముచ్చు అత్త పళ్ళు తెచ్చిపెడితే కోతమ్మ ఎంతో తియ్యగా ఉన్నాయంది. పక్కనున్న కోతిపిల్ల, నువ్వు నిన్న ఇచ్చినవాటిని కూడా అమ్మ ఇలాగే మెచ్చుకుని వాగులో పారేసిందత్తా అంది. నెమలిగారి పురి చూసి అందరూ ముచ్చటపడుతుంటే, మధ్యలో ఉన్న నాలుగీకలు మావి కావు, నాన్న ఏరుకొచ్చి దోపుకున్నాడని నెమలిపిల్ల చెప్పింది. అడవికోడి పిల్ల కనబడక ఏడుస్తుంటే నక్క వెళ్ళి ఓదార్చింది. వెంట వెళ్ళిన నక్కపిల్ల, నాన్నా, మూతి తుడుచుకోలేదు నువ్వు, అని గుర్తుచేసింది.

మర్నాడు తల్లిదండ్రులంతా బడి మీదికి వచ్చారు. ముందు నక్క ఉంది. మూతి శుభ్రంగా ఉంది.

"నిజం నేర్పమన్నాం గాని పంతులమ్మా, ఇంత నేర్పమన్నామా?" అంది నక్క.

ఎంత నేర్పాలో చెప్పమని వరాలు అడిగింది. పై అడవి వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు సరిపోయేంత నేర్పితే చాలని, ఇంటిదాకా తేవలసిన అవసరం లేదని తల్లిదండ్రులు ఏకకంఠంతో చెప్పారు. సంసారాలన్నాక సవాలక్ష ఉంటాయి, పసివాళ్ళకేం తెలుసు అని కోతమ్మ కళ్ళొత్తుకుంది.

ఫిర్యాదు జాంబయ్య దాకా పోయింది. ఆయన పూజారిని పంపాడు.

పూజారి గవరయ్య ఉడుము. ఉడుముకు నాలుక రెండుగా చీలి ఉంటుందని మీకు తెలుసు. పూజారి పదవికి అంతకంటే అర్హత ఏం కావాలి? ఒకసారి పట్టుకుంటే వదలని జాతి గనక పదవి కూడా మూడు తరాలుగా ఆ ఇంట్లోనే ఉంది. ఆయన ఒక మోపు టేకాకు ముక్కలు వేసుకుని బడికి వచ్చాడు.

అమ్మ పొద్దస్తమానం కళ్ళు తెరుచుకుని చూస్తూ ఉంటే ఆవిడకు కళ్ళు మండవా అని పిల్లల్ని అడిగాడు. పాపం మండుతాయన్నారు పిల్లలు. మరి ఆవిడను పడుకోబెట్టేవాళ్ళు ఎవరని అడిగాడు. అందరూ చేతులెత్తారు. అప్పుడు ఆకు ముక్కలు పంచి, రాయి కళ్ళ మీద ఎలా అంటించాలో చూపించాడు.

"ఆకు ఉన్నంతసేపూ నిజం చెప్పకూడదు నాయనా. నిజానికి చప్పుడెక్కువ. అమ్మ ఉలిక్కిపడి లేస్తుంది. నిద్ర చెడగొట్టినవాడికి మహాపాపం," అన్నాడు గవరయ్య.

నిజం చెప్పడం నేర్చుకోవడానికి పిల్లలకు ఒక నెల పట్టింది. ఇది మాత్రం ఆ పూటలోనే వచ్చేసింది. సాయంత్రానికి ప్రతి పిల్ల చేతిలో రాయి, చంకలో ఆకు. ఇళ్ళల్లో మళ్ళీ శాంతి నెలకొంది.

వరాలు అడ్డు చెప్పబోయింది. ఇది పాఠం కాదయ్యా, పాఠాన్ని తుడిచేయడం అంది. గవరయ్య నొచ్చుకోలేదు. గుట్ట మీది గుహలో గబ్బిలాలను తోలించి ఊడ్పించారని, లోపల ఎంత పొడిగా ఉందో చూస్తే ముచ్చటేసిందని మాటవరసకు అన్నాడు. పిల్లకు దగ్గు తగ్గిందా అని కూడా అడిగాడు.

వరాలు నోరు మూసుకుంది. వీపు మీద ముళ్ళు గలగలమన్నాయి. మౌనానికి కూడా అవి మోగుతాయని ఆవిడకు ఆరోజే తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి రేగి బొరియ ముందు కూర్చుని ఉంది. కాళ్ళు తడిగా ఉన్నాయి. దగ్గు తగ్గేదాకా వాగులో దిగొద్దని వరాలు రోజూ మొత్తుకుంటూనే ఉంది.

"వాగులో దిగావా?" అంది వరాలు.

"ఉండమ్మా," అని రేగి తన గులకరాయిని తీసి, ఆకు ముక్క నాలుకతో తడిపి దాని కళ్ళకు అంటించింది. భక్తిగా దండం పెట్టుకుంది. తర్వాత తల్లి కళ్ళలోకి చూస్తూ, "దిగలేదు," అంది. అని దగ్గింది.

వరాలుకు చెయ్యి లేచింది. ఆ పిల్ల ముఖంలో తప్పు చేసిన బెదురు ఏ కోశానా లేదు. అమ్మను పడుకోబెట్టి, పద్ధతిగా, నేర్పినట్టే చెప్పింది. అప్పజెప్పిన పాఠానికి మెచ్చుకోలు కోసం చూస్తోంది. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియక వరాలు ఆకు పీకేసి మళ్ళీ అడిగింది.

"దిగాను. చేపపిల్లలు కనిపించాయి," అని రేగి ఏడుపు మొదలుపెట్టింది.

అదే పిల్ల, అదే నోరు. మధ్యలో ఉన్నదల్లా ఒక ఆకు. ఈ పాపం గవరయ్యది అని వరాలు తిట్టుకుందామనుకుంది గాని, ఆ ఆకులు పంచుతుంటే పక్కన నిలబడి చూసింది తనే కదా.

తనిఖీ రోజు దగ్గరపడింది. జాంబయ్య వరాలును పిలిపించి చెయ్యవలసింది వివరించాడు. పై అడవి నుంచి వచ్చేవారికి సత్యం ఒక్కటే చాలదట, పిల్లల తిండి కూడా చూస్తారట. కాబట్టి పంతులమ్మ ఒకే ఒక్క మాట చెప్పాలి. పిల్లలకు రోజూ తేనె ఇస్తున్నాం. అంతే. మర్నాడే గుహలో పాలు పొంగించుకోవచ్చు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, తానడిగేది ఒక్కటే కదా అన్నాడు.

తన ముళ్ళ సంగతి వరాలు గుర్తుచేసింది.

"అది నాకొదిలెయ్యి," అన్నాడు జాంబయ్య.

తనిఖీనాడు పొద్దున్నే గవరయ్య ఇద్దరు ఎలుకల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బంకమట్టి తడిపి వరాలు వీపు మీద ఒక్క ముల్లు కూడా కదలకుండా మెత్తించాడు. పైన ముగ్గు చుక్కలు పెట్టించాడు. ఎవరైనా అడిగితే ఉత్సవ అలంకారమని చెప్పమన్నాడు. మట్టి ఎండాక వరాలు నడుస్తుంటే బుట్ట నడిచినట్టుంది. రేగి తల్లి చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది.

తనిఖీకి వచ్చినామె కుంజరమ్మ అనే ముసలి ఏనుగు. నిదానంగా నడుస్తుంది, నిదానంగా అడుగుతుంది, విన్నదాన్ని మరిచిపోదు. ఆవిడ వచ్చేలోపే, సభలో తాను నాలుగు మాటలు చెప్పాల్సి ఉంది గనక, జాంబయ్య కునుకు సేవ జరిపించేశాడు. నిజాలమ్మ కళ్ళ మీద టేకాకులు పచ్చగా మెరుస్తున్నాయి.

పిల్లలు వరసగా వచ్చి నిలబడ్డారు. అమ్మ కళ్ళ వైపు చూశారు. ఆకులు కనిపించాయి. ఒకరినొకరు చూసుకుని తలలూపుకున్నారు. అమ్మ పడుకుంది, నిజం అనకూడదు.

కుంజరమ్మ నక్కపిల్లను దగ్గరికి పిలిచి ఎవరి పిల్లవని అడిగింది.

"పులి పిల్లను," అంది నక్కపిల్ల.

ముసలావిడ నవ్వింది. పిల్లచేష్ట అనుకుంది. బడిలో తేనె ఇస్తున్నారా అని అడిగింది. ఇస్తున్నారన్నారు పిల్లలు. జాంబయ్య తల పంకించాడు. సరిపోతోందా అని అడిగింది. తాగలేక పారబోస్తున్నామంది దుప్పిపిల్ల. పారబొయ్యం, కాళ్ళు కడుక్కుంటాం అంది కోతిపిల్ల. మా బడి ముందు తేనె కాలవ కట్టి చీమలు కొట్టుకుపోతున్నాయని ఉడుతపిల్ల అందుకుంది. జాంబయ్య తాత మాత్రం తేనె ముట్టడని, వాసన కూడా పడదని, మాకు పెట్టీ పెట్టీ చిక్కి సగమైపోయాడని నెమలిపిల్ల చెప్పింది.

ఆయన పొట్ట ఆ సమయంలో ఆయనకంటే ఒక అడుగు ముందు నిలబడి ఉంది. అయినా జాంబయ్య ఆ పొగడ్తకు కరిగిపోయి కళ్ళు మూసుకున్నాడు.

కుంజరమ్మ చాలాసేపు ఆలోచించింది. తర్వాత తొండం ఎత్తి తన నిర్ణయం చెప్పింది. ఇంత తేనె ఉన్న అడవికి ఇంకో తేనెకొండ ఇవ్వడం దండగ. కింది అడవి కార్చిచ్చుకు కాలిపోయి అక్కడి పిల్లలు ఆకలితో అల్లాడుతున్నారు. ఇక్కడ కాళ్ళు కడుక్కునే తేనెను అక్కడి నోళ్ళకు పంపాలి. అమావాస్య లోపు ఏనుగులు వచ్చి తీసుకెళ్తాయి.

జాంబయ్య కళ్ళు తెరిచాడు. ఆ అడవిలో ఉన్న తేనెంతా ఒకే ఒక చోట ఉంది. అది బయటికి తీసి ఇవ్వడానికి వీలైన చోటు కాదు.

పిల్లలు ఏదో ఆటకి అన్నారమ్మా అని నసిగాడు. అయితే మీ పిల్లలు అబద్ధాలాడతారా అని ఆవిడ అడిగింది. ఆడరంటే తేనె పంపాలి. ఆడతారంటే కొండ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గవరయ్య ఆయన చెవిలో ఏదో ఊదాడు. అంతే, జాంబయ్య తన ఒళ్ళు తాను మరిచి పరుగెత్తి, నిజాలమ్మ కళ్ళకున్న ఆకులు రెండూ పీకి అవతల పారేశాడు. నిజం కోసం ఒక అధ్యక్షుడు పరుగెత్తడం ఆ అడవి మొదటిసారి చూసింది.

"పిల్లలూ, అమ్మ లేచింది. ఇప్పుడు నిజం చెప్పండి. తేనె లేదు కదూ?" అన్నాడు రొప్పుతూ.

పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. పొద్దుట్నుంచీ బిగబట్టుకుని ఉన్నారు పాపం. తేనె లేదన్నారు. పట్టు కడిగిన నీళ్ళే ఇస్తారన్నారు. అక్కడితో ఆగమని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. తేనె జాంబయ్య తాత తాగుతాడన్నారు. ఆయన తాగుతుంటే గవరయ్య తాత ఆయన వేళ్ళు నాకుతాడన్నారు. అడవికోడి పిల్ల ఏమైందో కూడా చెబుతామన్నారు. నక్క అప్పటికే డొంకదారి పట్టింది.

గవరయ్య చటుక్కున ఒక ఆకు తీసుకుని బండ మీదికి పాకి అమ్మ కంటికి అంటించాడు. రెండో ఆకు దొరకలేదు. దాని మీద జాంబయ్య నిలబడి ఉన్నాడు.

అమ్మకు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ఉంది. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో ఏ పాఠంలోనూ లేదు. పిల్లలు నోళ్ళు మూసుకుని పంతులమ్మ వైపు చూశారు. కుంజరమ్మ కూడా అటే చూసింది.

"ఆవిడనే అడగండి తల్లీ," అన్నాడు జాంబయ్య. దారి దొరికినవాడి గొంతు అది. వరాలు అబద్ధమాడితే ముళ్ళు మోగుతాయని, ఈ సంగతి అడవిలో ఎవరినడిగినా చెబుతారని, అంతకంటే సాక్ష్యం ఏం కావాలని అన్నాడు. కుంజరమ్మ సరేనంది.

పడమట మబ్బు పట్టి ఉంది. చల్లగాలి వీచింది. ఎక్కడో ఉరిమింది. రేగి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంది.

ఒక్క మాట. మట్టి కింద ముళ్ళు కదలవు. ఎవరికీ తెలియదు. రేపీపాటికి పిల్ల పొడినేల మీద పడుకుంటుంది. వరాలు ఇన్నాళ్ళూ అడిగింది అంతకంటే ఏముంది?

నోరు తెరవబోతూ ఆవిడ కూతురి వైపు చూసింది. రేగి అమ్మవారి కళ్ళ వైపు చూడటం లేదు. తల్లి వీపు వైపు చూస్తోంది. చెవులు నిక్కబొడుచుకుని వింటోంది. ఏ మాట నిజమో, ఏది కాదో తెలుసుకోవడానికి పుట్టిన దగ్గరి నుంచీ ఆ పిల్ల వింటున్నది ఆ చప్పుడునే. బండలూ గులకరాళ్ళూ ఆ తర్వాత వచ్చాయి. ఇవాళ చప్పుడు రాకపోతే ఇక ఎప్పటికీ ఏది నమ్మాలో దానికి తెలియదు.

వరాలు కుంజరమ్మ వైపు తిరిగి, "ఒక్క క్షణం ఆగండమ్మా," అంది.

తిన్నగా నిజాలమ్మ దగ్గరికి నడిచింది. వెనక్కి తిరిగి వీపు బండకు ఆనించి, దురద పెట్టిన గేదె చెట్టుకు రుద్దుకున్నట్టు బరబరా రుద్దుకుంది. గవరయ్య అపచారం అపచారమని కేకలు పెట్టాడు. ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ముగ్గు చుక్కలు రాలాయి. ముళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చి ఊపిరి పీల్చుకున్నాయి.

అప్పుడు సభ ముందుకొచ్చి, తనకు చెప్పమన్న మాట పొల్లుపోకుండా చెప్పింది. "పిల్లలకు రోజూ తేనె ఇస్తున్నాం."

ముళ్ళు గలగలలాడాయి. మామూలుగా కాదు. గుట్ట మీది పిట్టలు లేచిపోయేటట్టు మోగాయి.

"ఇవ్వట్లేదు," అంది తర్వాత.

సభలో రేగి ఒక్కతే కిలకిలా నవ్వింది.

ఇక్కడితో కథ ఆపితే బాగుండేది. కాని అడవి అంటే అడవే.

కుంజరమ్మ న్యాయమైన మనిషే, ఏనుగే గాని. తేనెకొండను కాలిపోయిన అడవికి ఇచ్చేసింది. పిల్లల తేనె ఏమైందో తేల్చడానికి విచారణ సంఘం వెయ్యమని ఆజ్ఞాపించి వెళ్ళిపోయింది. అడవి సభ కూడి, విచారణ చేసేవారికి తేనె గురించి లోతుగా తెలిసి ఉండాలని భావించి, జాంబయ్యనే సంఘానికి అధ్యక్షుడిగా పెట్టింది. ఆయన ఇప్పటికీ తొర్రలో తలపెట్టి విచారిస్తూనే ఉన్నాడు.

వరాలు ఉద్యోగం పోయింది. నిజం చెప్పినందుకు కాదు. అలాంటి అన్యాయం ఆ అడవిలో జరగదు. అమ్మవారికి వీపు ఆనించి రుద్దుకున్నందుకు పోయింది. ఆ ఖాళీలో గవరయ్య అల్లుణ్ణి వేశారు. పర్మనెంటుగా. అతను గుట్ట మీది గుహలో కాపురం పెట్టాడు, చాలా పొడిగా ఉందని అందరికీ చెబుతున్నాడు.

సభ ఇంకో సంస్కరణ కూడా చేసింది. జరిగినదంతా తరచి చూస్తే లోపం కునుకు సేవలోనే ఉందని తేలింది. ఆకు తప్పు కళ్ళకు అంటిస్తున్నారు. ఇకమీదట అమ్మవారి కళ్ళు హాయిగా తెరిచే ఉంచి, టేకాకులు పిల్లల కళ్ళకు కట్టాలని తీర్మానించారు. అమ్మ ఎంత చూసినా ఎవరితోనూ చెప్పదు కదా.

వానలు ఆ వారంలోనే దిగాయి. వాగు పొంగి బొరియ గుమ్మం దాకా వచ్చింది. వరాలు దోసిళ్ళతో నీళ్ళు తోడిపోస్తూ, ఉన్న ఎండుగడ్డంతా వెనక మూలకు చేర్చి రేగిని దాని మీద కూర్చోబెట్టింది. రేగి గులకరాయిని ఒళ్ళో పెట్టుకుంది. ఆకు ఎప్పుడో వానలో కొట్టుకుపోయింది.

"అమ్మా, గుహ పోయినందుకు నీకు బాధగా లేదూ?" అంది రేగి.

"లేదే," అంది వరాలు.

చీకట్లో ముళ్ళు గలగలమన్నాయి.

రేగి ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నాకూ లేదు," అంది. ఆ పిల్ల వీపు మీది లేతముళ్ళు, ఇంకా సరిగ్గా గట్టిపడనివి, మొట్టమొదటిసారి చిన్నగా మోగాయి.

నీతి: పిల్లలకు నిజం నేర్పదలచిన పెద్దలు ముందుగా వాళ్ళ కళ్ళకు గంతలు కట్టవలెను.